ఇంటి ఫైళ్ళు ఇంట్లోనే ఉండాలా?

ఇంటి పక్షం: హాల్లో ఉన్న డెస్క్‌టాప్ నుంచి పడకగదిలో ఉన్న ల్యాప్‌టాప్‌కి ఒక పెళ్ళి వీడియో చేరాలి. చాలా ఇళ్ళలో ఇవాళ ఆ వీడియో ముందు ఇంటర్నెట్ ఎక్కి, ఏ ఊళ్ళో ఉందో తెలియని డేటా సెంటర్‌కి పోయి, మళ్ళీ అదే ఇంటికి వస్తోంది. ఇరవై అడుగుల దూరానికి ఇంత తిరుగుడు అక్కర్లేదన్నదే నా వాదన. లెక్క వేసి చూడండి. 100 జీబీ ఫొటోలు, వీడియోలు ఉన్నాయనుకుందాం. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న కనెక్షన్ మీద అవి క్లౌడ్‌కి ఎక్కడానికే 11 గంటలు దాటుతుంది. రెండో కంప్యూటర్‌లోకి దించుకోవడానికి పట్టే సమయం దీనికి అదనం. అదే రెండు కంప్యూటర్లనూ గిగాబిట్ పోర్టులున్న రౌటర్‌కి కేబుల్‌తో కలిపితే సెకనుకు 110 ఎంబీ దాకా నడుస్తుంది, సుమారు పావుగంటలో పని ముగుస్తుంది. వైఫై మీద సెకనుకు 40 ఎంబీ వచ్చినా ముప్పావుగంట లోపే అయిపోతుంది. ఆ సమయంలో ఇంటర్నెట్ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు, రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు.

పైగా ఇందుకు కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షేర్ చేసే వీలు ఎప్పటి నుంచో ఉంది. మ్యాక్‌లో సెట్టింగ్స్‌లోనే ఫైల్ షేరింగ్ ఉంది. లినక్స్‌లో సాంబా ఉంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి ఎస్‌ఎంబీ. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దానికి పునాది వేశారు, తర్వాత మైక్రోసాఫ్ట్ పెంచి పెద్దచేసింది. 1991 చివర్లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చదువుతున్న ఆండ్రూ ట్రిజెల్, నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్లను గమనిస్తూ ఆ పద్ధతిని అర్థం చేసుకుని సొంతంగా ఒక సర్వర్ రాశారు. అదే ఇవాళ్టి సాంబా. ఆపిల్ కూడా తన సొంత పద్ధతిని పక్కన పెట్టి 2013లో వచ్చిన మావెరిక్స్ నుంచి ఎస్‌ఎంబీకే పెద్దపీట వేసింది. పోటీ కంపెనీల యంత్రాలు ఒకే ఫోల్డర్‌ను తెరవగలగడం వెనక ఇన్నేళ్ళ కృషి ఉంది. దాన్ని వాడకుండా ప్రతి ఫైలునూ ఊళ్ళు తిప్పి తెచ్చుకోవడం నాకు నచ్చదు.

క్లౌడ్ పక్షం: వేగం లెక్కలో మీతో నాకు పేచీ లేదు. కానీ 100 జీబీ ఒక్కసారిగా జరపాల్సిన రోజు ఒక ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? రోజూ జరిగేది వేరు. పిల్లవాడి ప్రాజెక్టు రిపోర్టు, కరెంటు బిల్లు, స్కాన్ చేసిన ఆధార్ కాపీ, నాలుగు ఫొటోలు. వీటికి వేగం సమస్య కాదు. సమస్యల్లా పని జరుగుతుందా లేదా అన్నదే. మీరు చెప్పిన షేర్ బటన్ నొక్కాక ఏమవుతుందో కూడా చెప్పాలి. రెండో కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అన్న చోట చూస్తే ఖాళీగా ఉంటుంది. ఎందుకంటే వైఫైకి మొదటిసారి కలిసినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుని తలుపులు మూసేసింది. దాన్ని ప్రైవేట్‌గా మార్చాక కంప్యూటర్ పేరు కనబడుతుంది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంట్లో వాళ్ళు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడతారు, అది చెల్లదు. ఆ పిన్ ఆ యంత్రం ముందు కూచున్న వాళ్ళకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద అసలు పాస్‌వర్డే కావాలి. అకౌంట్ తెరిచిన రోజు పెట్టిన ఆ పాస్‌వర్డ్ చాలామందికి గుర్తుండదు.

ఇంకొన్ని ఇళ్ళలో అసలు కంప్యూటర్లే ఒకదానికొకటి కనబడవు. ఇంటర్నెట్ కంపెనీ బిగించిన పెట్టె ఒకటి, సిగ్నల్ సరిపోక ఇంటివాళ్ళు కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి. రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లు నడుపుతుంటాయి. పేరుకు ఒకే ఇల్లు, కంప్యూటర్ల లెక్కలో రెండిళ్ళు. ఇవి తెలియనివాళ్ళ తప్పులని కొట్టిపారేయలేం. తయారు చేసినవాళ్ళకే ఇది కొరుకుడు పడలేదు. ఇళ్ళ కోసమే 2009లో విండోస్ 7తో హోమ్‌గ్రూప్ అని తెచ్చారు, 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు. విండోస్ 11లో 2024 నాటి అప్‌డేట్ వచ్చాక ప్రో వెర్షన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని మూసి, ప్రతి ప్యాకెట్‌కీ సంతకం తప్పనిసరి చేశారు. భద్రతకు అది మంచి నిర్ణయమే. కానీ ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్ళు దాచుకునే పాత నిల్వ పెట్టెలు, నిన్నటిదాకా తెరుచుకున్నవే కొన్ని, మర్నాటి నుంచి తెరుచుకోలేదు. క్లౌడ్‌లో ఉన్న ఫైలుకి లింక్ పంపితే అవతల విండోసా, మ్యాకా, ఆండ్రాయిడా అని ఎవరూ చూసుకోనక్కర్లేదు.

ఇంటి పక్షం: మీరు చెప్పిన చిక్కులన్నీ నిజమే, ఒక్కటీ కల్పించినది కాదు. అయితే ఒక తేడా గమనించండి. అవన్నీ ఒక్కసారి విప్పుకుంటే పోయేవి. నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని గుర్తించడం ఒక్కసారి చేసే పని. షేర్ కోసం ప్రతి యంత్రంలోనూ ఇంటివాళ్ళ పేరుతో ఒక లోకల్ అకౌంట్, దానికో పాస్‌వర్డ్ పెట్టుకోవడం ఒక్కసారి చేసే పని. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే రెండు నెట్‌వర్క్‌లు ఒకటవుతాయి. ఫైళ్ళున్న కంప్యూటర్ చిరునామా రోజుకొకటిగా మారకుండా రౌటర్‌లో ఒక అంకెను దానికే కేటాయించవచ్చు. ఒక ఆదివారం సాయంత్రం కూచుంటే తీరే పనులివి. దానికి ప్రతిగా నెల నెలా కట్టే చందా ఉంది చూశారూ, అది ఏ ఆదివారంతోనూ తీరదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకోవాలి. ఆపిల్, మైక్రోసాఫ్ట్ ఇచ్చేది 5 జీబీ. గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఉచితమన్న మాట 2021 జూన్ 1తో ఆగిపోయింది. అప్పటిదాకా అలవాటు పడ్డ కుటుంబాల ముందు రెండే దారులు మిగిలాయి: ఉచిత చోటు నిండాక చందా కట్టడం, లేదా కొత్త ఫొటోలకు వేరే చోటు చూసుకోవడం. షరతులు మార్చే హక్కు అవతలి వాళ్ళ చేతిలో ఉన్నంత కాలం, ఇవాళ్టి సుఖాన్ని రేపటికి లెక్కగట్టలేం.

మన దేశంలో ఇదే పాఠం ఇంకో రూపంలోనూ వచ్చింది. డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో సినిమాలు, పాటలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి షేర్‌ఇట్, జెండర్ లాంటి యాప్‌లతోనే పోయేవి. ఇంటర్నెట్ ముట్టకుండా నేరుగా పంపుకునే అవసరం జనానికి ఎంత ఉందో ఆ యాప్‌లే రుజువు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. యాప్ పోయింది, అవసరం పోలేదు. ఒకే కంపెనీ చేతిలో ఉన్న దారి ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. ఎవరైనా అమలు చేయగల పద్ధతి, సాంబాలాగా ఎవరైనా చదివి సరిదిద్దగల ప్రోగ్రామ్, అలా ఒక్క రోజులో మాయం కావు. ఇవాళ లోకల్‌సెండ్ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిట్లోనూ నడుస్తోంది. రెండు యంత్రాలూ ఒకే వైఫై మీద ఉంటే చాలు, అకౌంట్ కూడా అడగదు. మీరు చెప్పిన నాలుగు ఫొటోలకు, ఆధార్ కాపీకి అది సరిపోతుంది.

క్లౌడ్ పక్షం: లోకల్‌సెండ్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఒక ఫైలును చేతి నుంచి చేతికి ఇవ్వడానికి అది చక్కగా పనిచేస్తుంది. కానీ మనం వాదిస్తున్నది ఎప్పుడూ తెరిచి ఉండే ఇంటి ఫోల్డర్ గురించి. దాని మీద నాకున్న పెద్ద అభ్యంతరం భద్రత. ఎస్‌ఎంబీ చరిత్ర చెప్పారు కదా, 2017 మే 12 కూడా ఆ చరిత్రలోదే. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఆ రోజు ప్రపంచం మీద పడింది. పాత ఎస్‌ఎంబీలో ఉన్న లోపం పట్టుకుని, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. తెరిచి ఉంచిన ఫోల్డర్ ఇంటివాళ్ళకు ఎంత తేలికో, ఇంట్లోకి దూరిన వైరస్‌కీ అంతే తేలిక. ఒక ల్యాప్‌టాప్‌లో ఎవరో దొంగ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ ల్యాప్‌టాప్‌కి రాసే హక్కు ఉన్న షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటికీ అది తాళం వేసేస్తుంది. క్లౌడ్‌లో అయితే పాత వెర్షన్లు కొన్నాళ్ళు అట్టే పెడతారు, వెనక్కి తెచ్చుకోవచ్చు. మీ ఇంటి ఫోల్డర్‌కి నిన్నటి రూపం ఎక్కడుంది?

ఇంటి పక్షం: వాన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు విడుదల చేసింది. రెండు నెలల పాటు అప్‌డేట్ చేసుకోని యంత్రాలు, మందే అందని పాత యంత్రాలు దెబ్బతిన్నాయి. ఆ పాత ఎస్‌ఎంబీ 1ని 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్త యంత్రాల్లో పెట్టడమే మానేశారు. ఇప్పుడు నడిచే ఎస్‌ఎంబీ 3కి ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసే శక్తి కూడా ఉంది. అయినా మీ మాటలో ఉన్న అసలు హెచ్చరికను నేను తోసిపుచ్చను, ఇంకాస్త ముందుకు తీసుకెళ్తాను. ఇంటి ఫోల్డర్‌ను ఎప్పుడూ ఇంటర్నెట్‌కి చూపించకూడదు. ఆఫీసు నుంచి కూడా తెరుచుకుందామని రౌటర్‌లో పోర్టు తెరిచిన వాళ్ళే ఎక్కువ నష్టపోయారు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి పాత మై బుక్ లైవ్ డిస్కులు చాలా ఇళ్ళలో దూరం నుంచే ఖాళీ అయిపోయాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కి కనబడుతున్న క్యూనాప్ నిల్వ పెట్టెలను పట్టుకుని ఒక్కొక్కరి దగ్గర 0.03 బిట్‌కాయిన్ అడిగింది. ఇవన్నీ ఇంటి గోడ దాటి బయటికి తెరుచుకున్న పెట్టెలు. గోడ లోపలే ఉన్న షేర్‌కి ఆ బెడద రాదు. మీరన్న రెండో ముప్పుకి, అంటే ఇంట్లోని యంత్రమే చెడితే ఏం చేయాలన్న దానికి, ఒక పద్ధతి ఉంది: అందరికీ చదివే హక్కు ఇచ్చి, రాసే హక్కు అవసరమైన ఒక్క ఫోల్డర్‌కే పరిమితం చేయడం. ఫొటోల ఫోల్డర్‌లోకి పిల్లల గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకు రాయాలి? ఇంటి కోసం అమ్మే నిల్వ పెట్టెల్లో స్నాప్‌షాట్ తీసి నిన్నటి రూపం దాచేవి ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఇక క్లౌడ్‌లో ఫైళ్ళు భద్రం అంటున్నారు. దొంగల నుంచి భద్రమే. అకౌంట్ ఇచ్చినవాళ్ళ నుంచి? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి కథను న్యూయార్క్ టైమ్స్ 2022లో రాసింది. చంటి కొడుక్కి వాపు వస్తే, ఫొటో పంపమని ఆసుపత్రివాళ్ళు అడిగారు. ఫోన్‌తో తీసిన ఆ ఫొటో తనంతట తాను క్లౌడ్‌కి ఎక్కింది. కంపెనీ తనిఖీ యంత్రం దాన్ని నేరంగా లెక్కగట్టి అకౌంట్ మూసేసింది. విచారించిన పోలీసులు తప్పేమీ లేదని తేల్చారు. అయినా అకౌంట్ తిరిగి రాలేదు. మెయిల్, ఫొటోలు, ఫోన్ నంబర్ అన్నీ ఒకే తాళం కింద ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకేసారి పోయాయి. ఇలాంటివి అరుదు. కానీ ఇల్లు తగలబడడం కూడా అరుదే, దానికి బీమా కడుతున్నాం కదా.

క్లౌడ్ పక్షం: ఆ తండ్రికి జరిగింది అన్యాయం, దాన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు. అకౌంట్ పోయినవాళ్ళ మొర వినడానికి మనిషి ఉండాలని నేనూ అంటాను. అయితే బీమా మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే అడుగుతాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. నీళ్ళు గంటల్లో వచ్చాయి, రోజుల తరబడి తీయలేదు. కింది అంతస్తుల్లో ఉన్న ఫ్రిజ్‌లు, టీవీలు, పరుపులు, బీరువాల్లో కాగితాలు బురదపాలయ్యాయి. మీరు చెప్పే డెస్క్‌టాప్, దాని పక్కన రౌటర్, రెండూ ఉండేది హాల్లో, నేలకు రెండడుగుల ఎత్తులో. ఆ ఇంట్లో ఫొటోలన్నీ ఇంటి గోడల మధ్యే ఉంటే, ఎంత బాగా షేర్ చేసుకున్నా ఆ సాయంత్రంతో సరి. మనుషుల్ని బయటికి తెచ్చుకోవడమే గగనమైన చోట హార్డ్ డిస్క్ ఎవరికి గుర్తొస్తుంది? నీళ్ళు రాకపోయినా డిస్కులు వాటంతటవే చెడిపోతాయి. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ 2023లో తన దగ్గర ఏడాదికి సుమారు 1.4 శాతం డిస్కులు పాడయ్యాయని ప్రకటించింది. అది చల్లటి గదిలో, నిలకడైన కరెంటు మీద, చూసే మనుషులున్న చోట వచ్చిన అంకె. మే నెల వేడిలో, కరెంటు వస్తూ పోతూ ఉండే మన గదుల్లో అంతకంటే మెరుగ్గా ఉంటుందని ఆశించలేం.

ఇంటి పక్షం: బుడమేరు దగ్గర నేను మీ మాట పూర్తిగా ఒప్పుకోవాలి. ఇంటి ఫైళ్ళ ప్రతి ఒకటి ఇంటి బయట ఉండి తీరాలి. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట అని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ పెట్టిన 3-2-1 నియమం ఊరికే అంతగా వ్యాపించలేదు. ఒకే పెట్టెలో రెండు డిస్కులు జోడీగా పెట్టి, ఇక భయం లేదనుకునేవాళ్ళకు కూడా ఇదే చెప్పాలి. నీళ్ళొస్తే రెండూ కలిసే మునుగుతాయి, పొరపాటున చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది. కానీ ఇక్కడ మనం రెండు పనులను కలిపేస్తున్నాం. పంచుకోవడం ఒక పని, దాచుకోవడం ఇంకో పని. దాచుకోవడానికి బయట చోటు కావాలని మీరు నిరూపించారు. పంచుకోవడానికి బయటికి పోవాలని ఇంకా నిరూపించలేదు. క్లౌడ్‌తో వచ్చే సింక్ ఈ రెండు పనులనూ ఒకే బటన్‌లో కలిపేయడం నాకు ప్రమాదంగా కనిపిస్తుంది. ఒక ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ చెరిపితే అన్ని చోట్లా చెరుగుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. నెల తర్వాత చూసుకుంటే లేదు. 2023 నవంబర్‌లో గూగుల్ డ్రైవ్ కంప్యూటర్ యాప్ వాడేవాళ్ళలో కొందరికి నెలల తరబడి దాచిన ఫైళ్ళు కనబడకుండా పోయాయి, సింక్‌లో లోపమని గూగుల్ ఒప్పుకుని కొత్త వెర్షన్ ఇచ్చింది. కాబట్టి నా ఏర్పాటు ఇది: రోజువారీ రాకపోకలు ఇంటి నెట్‌వర్క్ మీదే, రాత్రిపూట ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక ప్రతి బయటికి. ఆ బయటి చోటు క్లౌడ్ కావచ్చు, అన్నగారింట్లో ఉన్న ఇంకో డిస్క్ కావచ్చు. విపత్తు రెండు వైపులా కోస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అలాంటప్పుడు బీమా పాలసీ కాగితం చూడాలంటే ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ బ్యాటరీ ఉన్నంతసేపు అక్కరకొస్తుంది. క్లౌడ్‌లో మాత్రమే ఉన్న కాపీ రాదు.

క్లౌడ్ పక్షం: ప్రతి ఒకటి బయట ఉండాలని మీరు ఒప్పుకున్నాక మన మధ్య దూరం తగ్గింది. కానీ పంచుకోవడం అన్న మాటను మీరు ఇంటి నాలుగు గోడలకే కుదించారు. తెలుగు కుటుంబం ఇవాళ ఒకే ఇంట్లో ఉందా? తల్లిదండ్రులు గుంటూరులో, కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డాలస్‌లో. మనవరాలి ఫొటో అమ్మమ్మకు చేరడమే ఆ ఇంట్లో అసలు ఫైల్ షేరింగ్. దానికి మీ ఎస్‌ఎంబీ ఏం చేస్తుంది? బయటి నుంచి ఇంట్లోకి రావడానికి పోర్టు తెరవకూడదని మీరే అన్నారు. తెరుద్దామన్నా మన దేశంలో చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, కంపెనీ ఒకే చిరునామాను ఎంతోమందికి పంచుతుంది.

ఇంకో చిక్కు కూడా చెప్తాను, ఇది తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్ళకూ వస్తుంది. ఫోల్డర్‌కి హైదరాబాద్ అని పేరు పెట్టారనుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం ఒకటి, దాని కింద చేరే గుర్తు ఒకటి, రెండుగా విడగొట్టి. 2017కి ముందరి మ్యాక్ డిస్కులు పేర్లను విడగొట్టి దాస్తాయి. విండోస్, లినక్స్ మీరు కొట్టినట్టే ఉంచుతాయి. పాత మ్యాక్ నుంచి లినక్స్ నిల్వలోకి ఆర్‌సింక్ లాంటి పనిముట్టుతో కాపీ చేశాక చూస్తే, ఒకే చోట రెండు హైదరాబాద్‌లు కనిపించవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి రెండూ వేరు. వెతికితే ఒకటే దొరుకుతుంది, రెండోదాంట్లో ఉన్న ఫొటోలు పోయాయనుకుంటారు. లినక్స్‌లో పేరులో ప్రశ్నార్థకం పెట్టి దాచిన ఫైలు విండోస్‌లోకి ఆ పేరుతో రాదు. ఇవన్నీ సరిచేయడానికి ఇంట్లో ఎవరున్నారు?

ఇంటి పక్షం: పేర్ల చిక్కుకు ఆ పనిముట్టులోనే మందుంది, కాపీ చేసేటప్పుడే అక్షరాల రూపం మార్చమని చెప్పవచ్చు. కానీ ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి, ఆ మేరకు మీ మాట నిలుస్తుంది. డాలస్ గురించి చెప్పాలంటే, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటి ఏర్పాట్లు రౌటర్‌లో ఏ పోర్టూ తెరవకుండానే దూరంగా ఉన్న యంత్రాన్ని ఇంటి నెట్‌వర్క్‌లో కలుపుతాయి, పబ్లిక్ చిరునామా లేకపోయినా పనిచేస్తాయి. అయినా అమ్మమ్మ ఫోన్‌లో దాన్ని పెట్టి నడపమని నేను అనను. మనవరాలి ఫొటోలు క్లౌడ్ ఆల్బమ్‌లోనే వెళ్ళనివ్వండి. నాకు పట్టింపు ఉన్నది ఇంకోచోట. పొలం దస్తావేజులు, వైద్య రిపోర్టులు, ఆదాయపన్ను కాగితాలు, ముప్పై ఏళ్ళ కుటుంబ వీడియోలు, వీటికి మూల ప్రతి ఎక్కడుండాలన్న దగ్గర. పది మందికి పంపాల్సింది పంపండి. మూలం మాత్రం మన చేతి కింద ఉండాలి. చందా ఆగితేనో, అకౌంట్ మూస్తేనో, కంపెనీ షరతులు మారితేనో దాన్ని కోల్పోయే స్థితి ఉండకూడదు.

క్లౌడ్ పక్షం: మన చేతి కింద అన్నారు. ఎవరి చేతి కింద? నా వాదనంతా ఇప్పుడు ఈ ఒక్క ప్రశ్న మీదికి తెస్తాను. మీరు చెప్పిన ఏర్పాటు నడపాలంటే చదివే హక్కు, రాసే హక్కు తెలియాలి. రౌటర్‌లో చిరునామా కేటాయించడం తెలియాలి. నిల్వ పెట్టెకి వచ్చే అప్‌డేట్లు చూసుకోవాలి. రాత్రి కాపీ నిజంగా పోతోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. చాలా ఇళ్ళలో ఇవన్నీ తెలిసిన మనిషి ఒక్కరే. ఆ ఒక్కరూ ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్తారు, జబ్బు పడతారు, చనిపోతారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. పెట్టె ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు డిస్క్ ఊడదీసి, తెలిసిన కుర్రాడి చేత విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తారు. చాలా నిల్వ పెట్టెలు లినక్స్ వాడే పద్ధతిలో డిస్క్‌ను రాస్తాయి. విండోస్‌కి అది చదవడం రాదు. ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని ఒక చిన్న డబ్బా తెర మీదికొస్తుంది. అందులో ఉన్న బటన్‌ను ఆ కుర్రాడు నొక్కితే ముప్పై ఏళ్ళ వీడియోలు పోయినట్టే. క్లౌడ్ కంపెనీలు ఈ పరిస్థితిని ముందే ఊహించాయి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, మీరు కొన్ని నెలలు కనబడకపోతే ఎవరికి ఏ డేటా ఇవ్వాలో ముందే రాసిపెట్టవచ్చు. ఆపిల్ 2021 చివర్లో లెగసీ కాంటాక్ట్ తెచ్చింది. అవి పెట్టుకోకపోతే, రెండేళ్ళు వాడని వ్యక్తిగత అకౌంట్లను గూగుల్ చెరిపేయవచ్చన్నది కూడా నిజమే, ఆ నియమం 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. కాబట్టి క్లౌడ్‌లోనూ ముందుచూపు కావాలి. కానీ అక్కడ ఒక ఫారం నింపితే చాలు. మీ దగ్గర ఒక మనిషి బుర్రలో ఉన్నదంతా ఇంకొకరికి అందాలి.

ఇంటి పక్షం: మీ ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది ఇదే. దీనికి సాంకేతికంగా పూర్తి జవాబు లేదు. ఇంటి అలవాటుగా ఒక జవాబు ఉంది. మొదటిది, ఆ పెట్టెలో ఉన్నదాన్నంతా నెలకోసారి ఒక మామూలు యూఎస్‌బీ డిస్క్‌లోకి, విండోస్, మ్యాక్ రెండూ చదివే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో, తాళాలేమీ లేకుండా కాపీ చేసి బీరువాలో పెట్టడం. దాన్ని తెరవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. రెండోది, ఒక కాగితం. పెట్టె ఎక్కడుంది, యూజర్ నేమ్ ఏమిటి, పాస్‌వర్డ్ ఏమిటి, బయటి ప్రతి ఎక్కడుంది, దాని తాళం ఏమిటి, డిస్క్ ఊడదీస్తే విండోస్ ఫార్మాట్ అడుగుతుంది, వద్దనాలి. ఇంత తెలుగులో రాసి ఇంటి పత్రాల మధ్య పెట్టాలి. దస్తావేజులు ఎక్కడున్నాయో ఇంట్లో ఇద్దరికి తెలిసేలా చూసుకునే కుటుంబాలు ఫైళ్ళకూ అది చేయగలవు. మనిషి మీద ఆధారపడడం బలహీనతే. అయితే వేల మైళ్ళ అవతలి కంపెనీ నియమాల మీద ఆధారపడడం కంటే ఇంట్లో ఇంకొకరికి నేర్పడం నాకు సాధ్యమైన పనిగా కనిపిస్తుంది.

క్లౌడ్ పక్షం: నేర్పుతామని అనడం తేలిక, నేర్పడం వాయిదా పడుతూనే ఉంటుంది. అందుకే మీ ఏర్పాటుకు ఒక పరీక్ష పెట్టమని అడుగుతున్నాను. ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచుకున్నవాళ్ళెవరైనా ఈ ఆదివారం ఆ కాగితాన్ని కంప్యూటర్ తక్కువ వాడేవాళ్ళ చేతిలో పెట్టండి. పక్క గదిలోకి వెళ్ళిపోండి. పదేళ్ళ కిందటి ఒక ఫొటోను ఆ పెట్టెలోంచి ఒకసారి, బీరువాలోని డిస్క్‌లోంచి ఒకసారి వాళ్ళంతట వాళ్ళు తెరవాలి. తెరిస్తే మీ పద్ధతికి నా అభ్యంతరం లేదు. తెరవలేకపోతే, తెరవగలిగే రోజు వచ్చేదాకా ఆ ఫొటోల ప్రతి ఒకటి క్లౌడ్‌లో ఉంచండి.